రాబోయే మంచుకి ఇల్లు, బండి సిద్ధం చేసుకోవడం: వెనకటి పెద్ద చలికాలాల లెక్కతో

మంచు పడే ఊళ్లో సొంతింట్లో మొదటి చలికాలం అన్నారు. ఈసారి మంచు దంచేస్తుందని ఇరుగుపొరుగు అంటున్నారనీ, పాతవాళ్లు 1978 ముచ్చట్లు తీసి భయపెడుతున్నారనీ రాశారు. అలాంటిది మళ్లీ వస్తుందా, వస్తే ముందుగా ఏమేం చేసి పెట్టుకోవాలి అన్నది మీ ప్రశ్న. మొదటిదానికి జవాబు చిన్నది. ఫలానా ఊళ్లో ఈ సీజన్లో ఎన్ని అంగుళాలు పడుతుందో మూడు నెలల ముందు చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. గొంగళిపురుగు ఒంటిమీద నల్ల పట్టీ వెడల్పు చూసి చెప్పేవాళ్లని సరదాకి వినండి.

అమెరికాలో క్లైమేట్ ప్రిడిక్షన్ సెంటర్ నెలనెలా ఇచ్చే సీజన్ మ్యాపులు చాలామంది తప్పుగా చదువుతారు. అందులో సగటు కంటే ఎక్కువ, సగటు దగ్గర, సగటు కంటే తక్కువ అని మూడు వర్గాలుంటాయి. ఏమీ తెలియనప్పుడు ఒక్కోదానికి 33 శాతం. మీ ప్రాంతం మీద "ఎక్కువకి 40 శాతం" అని ఉంటే 33 కాస్తా 40 అయిందన్నమాట, అంతే. పైగా అది వానా మంచూ కలిపిన మొత్తం. పసిఫిక్ నడుమ నీళ్లు సగటు కంటే 0.5 డిగ్రీలు వేడెక్కితే ఎల్ నీన్యో, అంత చల్లబడితే లా నీన్యా. ఇవి సీజన్ మొగ్గు ఎటో చూపిస్తాయి, తుఫాన్ల తేదీలు చెప్పవు. 2009-10లో ఎల్ నీన్యో ఉంది, కానీ అసలు కథ నడిపింది ఆర్కిటిక్ మీది గాలి పీడనం. ఆ చలికాలం వాషింగ్టన్ విమానాశ్రయంలో 56.1 అంగుళాలు పడి అక్కడి రికార్డు అయింది. ఆర్కిటిక్ పీడనం తీరు రెండు వారాలకు మించి ముందు తెలియదు.

కాస్త పనికొచ్చే సంకేతం ఒకటుంది. ధ్రువం మీద స్ట్రాటోస్ఫియర్, అంటే వాతావరణంలో బాగా ఎత్తున ఉండే పొర, ఉన్నట్టుండి వేడెక్కితే, ఆ తర్వాత కొన్ని వారాల్లో ఎక్కడో ఒకచోట చలి దక్షిణానికి దిగే అవకాశం పెరుగుతుంది. 2018 ఫిబ్రవరి 12న అలా జరిగింది, ఆ నెలాఖరుకి యూరప్ గడ్డకట్టింది. 2021 జనవరి మొదటి వారంలో జరిగింది, ఫిబ్రవరి మధ్యలో టెక్సస్ గజగజలాడింది. జరిగిన ప్రతిసారీ చలి మీ ఊరికే వస్తుందని కాదు. పది రోజుల ముందు "ఏదో రావచ్చు" అని చూసుకోండి. అంగుళాల అంకెని మాత్రం తుఫాను రెండు మూడు రోజుల్లోకి వచ్చాకే నమ్మండి.

ఇక వెనకటి చలికాలాల సంగతి. పాతవాళ్లు అంగుళాలే చెప్తారు గానీ, నష్టం చేసింది చాలాసార్లు అంగుళాలు కాదు. 1977 జనవరి 28న బఫెలోలో మొదలైన మంచుతుఫాన్లో ఊళ్లో కొత్తగా పడింది ఒక అడుగు మాత్రమే. ఈరీ సరస్సు డిసెంబరు మధ్యకే గడ్డకట్టింది, దాని మీద వారాల తరబడి పేరుకున్న పొడిమంచుని గాలి ఎత్తి తెచ్చి ఊరి మీద పోసింది. 29 మంది పోయారు. 1978 ఫిబ్రవరిలో బోస్టన్లో 27.1 అంగుళాలు పడింది. అక్కడ రూట్ 128 హైవే మీద మూడువేలకు పైగా బండ్లు కూరుకుపోయాయి. సైలెన్సర్ మంచులో మూసుకుపోగా ఇంజను నడుపుకుంటూ లోపల కూర్చున్నవాళ్లు కొందరు విషవాయువుతో పోయారు. 1998 జనవరిలో క్యూబెక్‌ను కుదేలు చేసింది మంచు కాదు, పడీపడగానే గడ్డకట్టే వాన. తీగలూ స్తంభాలూ కూలి లక్షలమంది కరెంటు లేకుండా ఉన్నారు, కొన్నిచోట్ల వారాల తరబడి. 2015లో బోస్టన్ సీజన్ మొత్తం 110.6 అంగుళాలు. అందులో ఎక్కువ భాగం జనవరి చివరినుంచి కొద్ది వారాల్లోనే, మధ్యలో కరిగే గడువు ఇవ్వకుండా పడింది. అందుకే ఆ ఏడు చూరు కింద నీళ్లు కారని వీధి లేదన్నట్టయింది.

అంటే మీ ఇంటిని పరీక్షించేవి బరువు, గాలి, కరెంటు లేని చలి, చివర్లో కరుగుడు. ఈ నాలుగింటికీ సిద్ధపడితే ఏ సంవత్సరం వచ్చినా ఒకటే.

బరువుతో మొదలుపెడదాం. మంచు లోతు చూసి బరువు చెప్పలేం, అందులో ఉన్న నీరు చూడాలి. ఒక అంగుళం నీరు ఒక చదరపు అడుగు మీద 2.4 కిలోలు. తేలికపాటి కొత్త మంచు 10-12 అంగుళాలైతే ఆ ఒక్క అంగుళం నీటికి సమానం. పాతబడి అణిగిన మంచు 3-5 అంగుళాలకే అంత బరువు తూగుతుంది. గట్టి ఐసు అంగుళానికి రెండు కిలోల పైనే. 1500 చదరపు అడుగుల కప్పు మీద రెండడుగుల అణిగిన మంచు ఉంటే దాదాపు 21 టన్నులు. దాని మీద అంగుళం వాన పడి మంచు దాన్ని పీల్చుకుంటే ఇంకో మూడున్నర టన్నులు. కొత్త మంచు మీద వాన అన్న సూచన వినగానే జాగ్రత్తపడాలి అనేది ఇందుకే.

మామూలు వాలు కప్పులు ఎక్కువగా తట్టుకుంటాయి. కూలేవి చదునైనవి, పొడవాటి దూలాల మీద నిలబడ్డవి, తర్వాత ఎవరో ఇంటికి అతికించిన వరండాలు, కార్ పోర్టులు. 1922లో వాషింగ్టన్లో నికర్‌బాకర్ థియేటర్ కప్పు కూలి 98 మంది పోయారు. 2006 జనవరిలో జర్మనీలో బాడ్ రైహెన్‌హాల్ స్కేటింగ్ హాలు కూలి 15 మంది, అదే నెల పోలండ్‌లో కాటోవిట్సే ఎగ్జిబిషన్ హాలు కూలి 65 మంది పోయారు. అన్నీ విశాలమైన హాళ్లే. మీ ఇంట్లో అనుమానం పెట్టుకోవాల్సిన చోటు, ఎత్తైన కప్పు పక్కన ఉన్న తక్కువ ఎత్తు కప్పు. గాలి పైదాని మంచుని కిందదాని మీద పోగేస్తుంది, మిగతాచోట అడుగుంటే అక్కడ నాలుగడుగులు ఉంటుంది. మీ ప్రాంతపు కప్పులు ఎంత బరువుకి కట్టాలన్న అంకె స్థానిక భవన విభాగంలో దొరుకుతుంది, కనుక్కుని రాసిపెట్టుకోండి. లోపలి తలుపులు ఉన్నట్టుండి బిగుసుకోవడం, సీలింగు మీద కొత్త పగుళ్లు, కర్ర చిట్లుతున్న చప్పుడు, సీలింగు కిందికి వంగడం: వీటిలో ఏది కనిపించినా ముందు మనుషులు బయటికి, తర్వాతే ఫోన్లు.

కప్పు మీదికి ఎక్కకండి. పొడవు పిడి ఉన్న రూఫ్ రేక్ కొనుక్కుని నేలమీద నిలబడి లాగండి. చూరు నుంచి పైకి మూడు నాలుగు అడుగుల మేర తీస్తే చాలు. షింగిల్స్ (కప్పు మీది పలకలు) గీరుకుపోకుండా అడుగున రెండు అంగుళాల మంచు వదిలేయండి. రేక్ పిడి లోహందైతే కరెంటు తీగల దగ్గర వాడొద్దు.

చూరు అంటే ఐస్ డ్యాముల సంగతి చెప్పాలి, దీన్ని చాలామంది చూరు సమస్య అనుకుంటారు. జబ్బు ఆటిక్‌లో, అంటే కప్పు కింది అటకలో ఉంటుంది. ఇంట్లో వేడి గాలి పైకి జారి కప్పుని వేడెక్కిస్తుంది, మంచు అడుగునుంచి కరుగుతుంది. ఆ నీరు జారి, కింద ఇల్లులేని చల్లటి చూరు దగ్గరికి రాగానే మళ్లీ గడ్డకట్టి కట్టలా నిలుస్తుంది. వెనక చేరిన నీరు షింగిల్స్ కిందికి ఎక్కి గోడలోకి దిగుతుంది. దీనికి మందు వరస తప్పకుండా చేయాలి: ముందు సందులు మూయడం, తర్వాత ఇన్సులేషన్, ఆ తర్వాత గాలి ఆడటం. ఆటిక్ తలుపు అంచులు, సీలింగు లైట్ల చుట్టూ, పైపులూ వైర్లూ పైకి వెళ్లే రంధ్రాలు, బాత్రూం ఫ్యాను డక్టు కీళ్లు చూడండి. పొగగొట్టం చుట్టూ మాత్రం మామూలు ఫోమ్ వద్దు, రేకూ అగ్నిని తట్టుకునే సీలెంటూ వాడాలి. సందులు మూయకుండా పైన ఇన్సులేషన్ దిండ్లు పరిచేస్తే గాలి వాటి గుండా పోతూనే ఉంటుంది, డబ్బు వృథా. చూరు దగ్గరి గాలి రంధ్రాలు ఇన్సులేషన్‌తో మూసుకుపోయాయేమో కూడా చూడండి. మొదటి మంచు పడ్డాక వీధిలో నిలబడి కప్పులు పోల్చండి. పక్కింటి కప్పు మీద నిండుగా ఉండి మీది మచ్చలు మచ్చలుగా కరిగితే వేడి ఎక్కడ తప్పించుకుంటోందో కప్పే చెప్తుంది. ఇప్పటికే డ్యాము కట్టేస్తే గొడ్డలితో కొట్టకండి, షింగిల్స్ పోతాయి. పొడవాటి మేజోడులో కాల్షియం క్లోరైడ్ నింపి ఐసుకి అడ్డంగా, కొస చూరు దాటి వేలాడేలా పెడితే నీరు పోవడానికి దారి పడుతుంది. మేజోడులో మామూలు ఉప్పు వేయొద్దు, రేకుల్నీ మేకుల్నీ తింటుంది.

నీళ్ల పైపులు. బయట సుమారు −7 డిగ్రీలకు దిగితే ఇన్సులేషన్ లేని పైపులకి ముప్పు మొదలవుతుంది. పైపు పగిలేది ఎప్పుడూ ఐసు కట్టిన చోటే అనుకోకండి. ఐసు బిరడాలా పెరుగుతూ, దానికీ మూసి ఉన్న కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీటిని నొక్కుతుంది, ఆ ఒత్తిడికి బలహీనమైన చోట చీలుతుంది. కుళాయి సన్నగా వదిలిపెట్టమనేది అందుకే, ఒత్తిడి పోవడానికి దారి ఉంటుంది. బయటి గోడ వెంబడి పైపులున్న సింకు కింది అల్మరా తలుపులు తెరిచిపెట్టండి. ఊరెళ్లినా థర్మోస్టాట్ 13 డిగ్రీల కంటే కిందికి తగ్గించొద్దు. తోట గొట్టం ఇప్పుడే విప్పేయండి. గడ్డకట్టని రకం కుళాయి అయినా గొట్టం తగిలించి ఉంటే లోపల నీరు జారదు, పగులుతుంది, అదీ వసంతంలో తిప్పినప్పుడే తెలుస్తుంది. మెయిన్ వాల్వు ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి, ఒకసారి తిప్పి చూడాలి. పైపు గడ్డకడితే కుళాయి తెరిచి, కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి హెయిర్ డ్రయ్యర్ పట్టండి. మంట చూపించొద్దు.

2021 టెక్సస్‌లో 45 లక్షల ఇళ్లకు కరెంటు పోయినప్పుడు పైపులతో పాటు ఇంకో ప్రమాదం బయటపడింది. వేడి కోసం గరాజ్‌లో కారు నడిపి, ఇంట్లో బొగ్గుల పొయ్యి పెట్టి, జనరేటరు ఇంటికి ఆనించి చాలామంది కార్బన్ మోనాక్సైడ్ పాలయ్యారు. జనరేటరు ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ మూతి ఇంటికి అవతలివైపుకి తిప్పి పెట్టాలి. తలుపు ఎత్తి ఉంచినా గరాజ్ పనికిరాదు. జనరేటరుని గోడ సాకెట్లోకి తగిలించి ఇల్లంతా వెలిగించే అడ్డదారి పట్టొద్దు, ఆ కరెంటు బయటి తీగల్లోకి పోయి లైన్‌మన్‌ని చంపుతుంది. బయటి లైను తెంచి ఇంటిని జనరేటరుకి మార్చే ట్రాన్స్‌ఫర్ స్విచ్ పెట్టించుకోండి, లేదా ఎక్స్‌టెన్షన్ తీగతో విడిగా వాడండి. ఇంటిని వేడిచేసే గ్యాసు ఫర్నేసు కూడా కరెంటు లేకపోతే తిరగదు, దాని ఫ్యానుకి కరెంటు కావాలి. ఫ్యాను మోటారు మీద రాసిన వాట్లు చూసుకుని, మొదలయ్యేటప్పుడు అంతకు రెండు మూడు రెట్లు లాగుతుందని లెక్కేసుకుని జనరేటరు ఎంచుకోండి.

ఇదే తరహాలో కరెంటు ఉన్నా వచ్చే ముప్పు ఒకటుంది. కొత్త తరం ఫర్నేసులకు పొగ పక్క గోడలోంచి తెల్ల ప్లాస్టిక్ గొట్టాల ద్వారా పోతుంది. గాలి అక్కడ మంచు పోగేస్తే, లేదా మీరే డ్రైవ్‌వే మంచు అటు విసిరితే, మూతి మూసుకుంటుంది. మంచిదైతే ఫర్నేసు ఆగిపోతుంది, కాకపోతే విషవాయువు లోపలికి. తుఫాను నడుమ ఒకసారి, ఆగాక ఒకసారి ఇంటి చుట్టూ తిరిగి గొట్టాల మూతులు, బట్టల డ్రయ్యర్ మూతి, గ్యాసు మీటరు చేత్తో శుభ్రం చేయండి. ప్రతి అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. నేల గట్టిపడకముందే ఆ గొట్టాల మూతుల పక్కన, డ్రైవ్‌వే అంచుల్లో, దగ్గరి ఫైర్ హైడ్రంట్ పక్కన నాలుగడుగుల రిఫ్లెక్టర్ కర్రలు పాతండి. జనవరిలో సుత్తితో కొట్టినా దిగవు.

మంచు తోయడానికి వద్దాం. 20 × 40 అడుగుల డ్రైవ్‌వే మీద ఆరంగుళాల మామూలు కొత్త మంచు సుమారు 1,100 కిలోలు, తడిమంచైతే రెట్టింపు. పారతో ఎత్తేబదులు నెట్టండి. ఎత్తాల్సివస్తే పార సగమే నింపండి, ఊపిరి బిగపట్టొద్దు, నడుం మెలితిప్పి విసరొద్దు. చలికి రక్తనాళాలు బిగుసుకున్న వేళ చేతులతో బరువు ఎత్తడం గుండెకి చెడ్డ కలయిక. గుండె జబ్బో, బీపీయో ఉన్నవాళ్లు పార ముట్టుకోవద్దు. ఎనిమిది అంగుళాలు పడాల్సిన చోట నాలుగు పడ్డప్పుడోసారి, ఆగాకోసారి తీయడం సుఖం.

స్నో బ్లోయర్ (మంచు లాక్కుని పక్కకి విసిరే యంత్రం) ఉంటే ఇప్పుడే స్టార్ట్ చేయండి. స్టార్టవకపోతే నూటికి తొంభై వంతులు పాత పెట్రోలే కారణం. ఇథనాల్ కలిసిన పెట్రోలు నెల దాటితే చెడడం మొదలవుతుంది, ఆవిరయ్యాక మిగిలే జిగురు కార్బురేటర్ సన్న జెట్లో పడుతుంది. చోక్ వేస్తే నడిచి, తీస్తే ఆగిపోతుంటే అదే. ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్ గిన్నె విప్పి జెట్ శుభ్రం చేసి, కొత్త పెట్రోలు స్టెబిలైజర్ కలిపి పోయండి. ఆయిల్ మాన్యువల్లో రాసిందే, చాలావాటికి 5డబ్ల్యూ-30. రెండు చక్రాల్లో గాలి సమానంగా లేకపోతే యంత్రం ఒకవైపుకి లాగుతుంది. కింది స్కిడ్ షూలు కాంక్రీటు మీదైతే బ్లేడు నేలకు 3 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండేలా, కంకర దారైతే అంగుళానికి పైనే ఉండేలా బిగించండి, లేకపోతే రాళ్లు తూటాల్లా పోతాయి. ఆగర్‌కి, అంటే మంచుని లాక్కునే తిరుగుడు రెక్కకి, ఉండే షియర్ పిన్నులు విరగడానికే పెట్టినవి. విరిగినచోట గట్టి బోల్టు వేస్తే ఈసారి విరిగేది గేర్‌బాక్సు. ఆ మోడల్ పిన్నులు అరడజను కొని యంత్రం పిడికే కట్టిపెట్టండి, తుఫాను రోజు దుకాణంలో దొరకవు.

సున్నా డిగ్రీల దగ్గరి తడిమంచులో మంచు విసిరే గొట్టం మూసుకుపోవడం మామూలే. ఇంజను పూర్తి వేగంలో పెట్టండి, వెడల్పులో సగమే కొరకండి, గొట్టం లోపల ముందే సిలికాన్ స్ప్రే కొట్టండి. మూసుకుంటే ఇంజను ఆపి, ఆగర్ నిలిచాక, కర్రతోనే పొడవండి. ఇంజను ఆగినా బెల్టులో బిగిసిన బలం ఉంటుంది, మంచు వదలగానే రెక్క ఒక్కసారి కదులుతుంది. చేతివేళ్లు పోయేది అప్పుడే.

రోడ్డు శుభ్రం చేసే బండి మీ డ్రైవ్‌వే మూతికి అడ్డంగా గట్టు కట్టిపోతుంది, దాన్ని తిట్టి లాభం లేదు. బండ్లు వచ్చే వైపున, డ్రైవ్‌వే మూతికి ముందు రోడ్డంచున పది పన్నెండు అడుగుల జేబులా ఖాళీ చేసి ఉంచండి. బ్లేడు మీది మంచు చాలావరకు అక్కడ పడిపోతుంది. మీరు తోసేది అవతలి వైపుకి వేయండి.

ఉప్పు మంచుని తీసేది కాదు, తోశాక మిగిలిన పలచటి పొరని నేలనుంచి వదిలించేది. 250 చదరపు అడుగులకి ఒక పెద్ద కప్పు, అంటే సుమారు 450 గ్రాములు చాలు. నేల −9 డిగ్రీల కంటే చల్లగా ఉంటే మామూలు ఉప్పు పనిచేయదు, ఎంత పోసినా అంతే. అప్పుడు కాల్షియం క్లోరైడ్, లేదా జారకుండా ఇసుక. ఏడాది నిండని కాంక్రీటు మీద వేయొద్దు.

బండికి ముందు బ్యాటరీ. −18 డిగ్రీల్లో దాని శక్తి దాదాపు సగానికి పడిపోతుంది, చిక్కబడ్డ ఆయిల్ వల్ల ఇంజను తిప్పడానికేమో ఇంకా ఎక్కువ కావాలి. నాలుగేళ్లు దాటితే లోడ్ టెస్టు, అంటే భారం మోపి చూసే పరీక్ష, చేయించండి, 12.6 వోల్టులు చూపించినంత మాత్రాన మంచిదని కాదు. కూలెంట్ సగం నీళ్లు సగం గ్లైకాల్ అయితే −37 వరకు ఆగుతుంది. చిక్కగా ఉంటే మంచిదని నీళ్లు కలపకుండా పోసేవాళ్లున్నారు, వట్టి ఎథిలీన్ గ్లైకాల్ −13 దగ్గరే గడ్డకడుతుంది. టైర్లలో ప్రతి 5-6 డిగ్రీల చల్లదనానికి ఒక పీఎస్ఐ తగ్గుతుంది. కొండ గుర్తులో మంచుపువ్వు ఉన్న టైర్లు నాలుగూ వేయించండి, ముందు రెండే వేస్తే వెనక భాగం జారి బండి గిర్రున తిరుగుతుంది. దారిలో ఇరుక్కుంటే బండి వదిలి నడవొద్దు. సైలెన్సర్ చుట్టూ మంచు తీసి, గంటకి పది నిమిషాలే ఇంజను నడిపి, గాలి కొట్టని వైపు అద్దం కాస్త దించి ఉంచండి. తిండి, మందులు, మనిషికి రోజుకి నాలుగు లీటర్ల నీళ్లు మూడు రోజులకి సరిపడా ఉంచుకోవడం మీకు తెలిసిందే.

చివరగా కరుగుడు, దీన్ని ఎవరూ లెక్కలో వేయరు. 1947లో బ్రిటన్లో జనవరి చివరినుంచి మంచు కప్పేసి బొగ్గు రైళ్లు నిలిచి కరెంటు కోతలు పెట్టారు. మార్చిలో ఆ మంచు వానతో కలిసి గడ్డకట్టిన నేల మీద కరిగేసరికి నీరు ఇంకడానికి చోటు లేక వరదలు వచ్చాయి. మీ బేస్‌మెంటుకీ ఇదే వర్తిస్తుంది. తోసిన మంచు గుట్ట గోడకి ఆనుకుని వద్దు, నేల ఇంటినుంచి అవతలికి వాలే చోట వేయండి. ఫిబ్రవరి చివర్లో పునాది చుట్టూ నాలుగైదు అడుగుల మేర మంచు తీసేయండి. బేస్‌మెంటు గుంటలో చేరిన నీటిని బయటికి తోసే సంప్ పంపు ఉంటే ఇప్పుడే గుంటలో బకెట్టు నీళ్లు పోసి ఫ్లోటు లేస్తోందా, మోటారు తిరుగుతోందా, నీరు నిజంగా బయట పడుతోందా చూడండి. బయటి గొట్టం మూతి గడ్డకడితే మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం గుంటలోనే ఉండిపోతాయి. ఆ మూతి పక్కన కూడా ఒక కర్ర పాతండి.